బడిలో తొమ్మిది మంది, నాట్లకు బీహార్ ముఠా, ఇంట్లో బీటెక్ పిల్లలు: మన జిల్లాల్లో ఏం జరుగుతోంది?

దేవరకొండ_పంతులు
ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలల్లోనే పనిచేస్తున్నాను. ఇప్పుడున్నది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక చిన్న ఊరి బడి. 2009లో మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు అయిదు తరగతులకు కలిపి 84 మంది పిల్లలు. మధ్యలో బదిలీ మీద వెళ్లి, మొన్న జూన్‌లో మళ్లీ ఇదే బడికి వచ్చాను. ఈ ఏడు హాజరు పట్టీలో తొమ్మిది పేర్లున్నాయి. ఒకటో తరగతిలో ఒక్క అమ్మాయి. పక్కన కూర్చునే జత లేక ఆ పిల్లను రెండో తరగతి వాళ్ల దగ్గర కూర్చోబెడుతున్నాను.

ప్రైవేటు బడి బస్సులే పిల్లల్ని ఎత్తుకుపోయాయని నేనూ అనుకున్నాను. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటలో ఇల్లిల్లూ తిరిగితే వేరే సంగతి తేలింది. ఊళ్లో అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలు మొత్తం 31 మంది. అందులో 22 మంది బస్సులెక్కుతున్నారు. ఆ బస్సులన్నీ రేపే ఆగిపోయినా నా బడి పాత రోజుల్లో సగం కూడా నిండదు. పిల్లలే లేరు.

అదే ఊళ్లో డిగ్రీ, బీటెక్ చదివి ఇంట్లో ఉన్నవాళ్లు ఇరవైకి పైనే. నాట్లకేమో బీహార్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. ఈ మూడూ ఒకే దారానికి పడ్డ ముళ్లలా అనిపిస్తున్నాయి గానీ దారం కొస నాకు దొరకడం లేదు. మీ ఊళ్లలో ఎలా ఉంది?

చౌటుప్పల్_చారి
ఒకటో తరగతిలో ఒక్కతే అంటే ఆ పిల్లే క్లాస్ ఫస్టు, ఆ పిల్లే క్లాస్ లీడరు 🙂
మేం చదివిన బడికి పోయిన ఏడు తాళం పడింది సార్. ఇప్పుడు అందులో వడ్ల బస్తాలు పెడుతున్నారు. ఆ పక్క నుంచి పోయినప్పుడల్లా మనసు అదోలా అవుతుంది.

సాగర్_ఆయకట్టు
బడి సంగతి తర్వాత. పోయిన యాసంగిలో నాటుకు మా ఊరి ఆడవాళ్లు పది మంది కూడా దొరకలేదు. దొరికిన వాళ్లంతా యాభై దాటినవాళ్లే. చివరికి బీహార్ ముఠాకు ఎకరానికి నాలుగున్నర వేలు గుత్తకిచ్చాను. వాళ్లు దిగితే పొద్దుగూకే లోపు నాలుగెకరాలు అయిపోయింది. మన పిల్లలకు నారుకట్ట పట్టుకోవడం కూడా రాదు. చదువు వచ్చింది, సేద్యం పోయింది. పంతులు గారు వెతికే కొస అదే.

నారాయణపేట_నర్సి
మా దగ్గర దీనికి ఉల్టా. పిల్లలు పట్టీలో ఉంటారు, బడిలో ఉండరు. దీపావళి కాగానే తల్లిదండ్రుల వెంట బొంబాయి, పుణె బస్సు ఎక్కుతారు. మళ్లీ ఉగాదికి కనిపిస్తారు. మీకు బడి ఉంది పిల్లలు లేరు, మాకు పిల్లలున్నారు గానీ సగం ఏడాది లేరు.

లెక్కల_మేడం
పంతులు గారూ, ఒక కొస నేను పట్టుకుంటాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి 1992–93లో జరిగినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005–06 సర్వే నాటికి అది 1.8. తర్వాత 2019–21 సర్వేలో తెలంగాణను విడిగా చూసినా 1.8. ఒక తరం పోయి దాని చోట అంతే తరం రావాలంటే 2.1 ఉండాలి. మనం ఆ గీత దిగి ఇరవై ఏళ్లు అవుతోంది.

దిగిన రోజున ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పటికే పుట్టి పెళ్లీడుకు వచ్చిన జంటలు లెక్కకు మించి ఉన్నారు కాబట్టి, ఇంటికి ఇద్దరే పుట్టినా బడులు నిండాయి. ఇప్పుడు తల్లులవుతున్నది తక్కువగా పుట్టిన ఆ పిల్లలే. వాళ్లే తక్కువ, వాళ్లకు పిల్లలూ తక్కువ. మీ ఒకటో తరగతి బెంచీ మీద కూర్చున్న ఆ ఒక్క అమ్మాయి ఈ లెక్కకు వచ్చిన జవాబు.

ఇంకొకటి. 2001 నుంచి 2011 మధ్య అప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 7.4 శాతం పెరిగితే, మహబూబ్‌నగర్‌లో 15.3 శాతం పెరిగింది. పక్కపక్క జిల్లాలు, కృష్ణ ఒడ్డునే రెండూ. నర్సి గారు ఉల్టా అన్నది ఊరికే కాదు.

మిర్యాలగూడ_మిల్లు
మేడం లెక్కలు సరే గానీ నల్లగొండలో జనం పెరగకపోవడానికి కాన్పులు తగ్గడం ఒక్కటే కారణమా? హైదరాబాద్ పోయినవాళ్లను ఏ ఖాతాలో వేస్తారు? ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌లో ఏ గల్లీలో నిలబడి ‘మాది నల్లగొండ’ అన్నా ఇద్దరు తల తిప్పుతారు.

వనస్థలిపురం_వలస
తల తిప్పిన ఇద్దరిలో ఒకడిని నేనే. మాది చండూరు పక్కన ఊరు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్ల సంగతి అందరికీ తెలుసు, ఫ్లోరైడ్. మా మేనత్త నలభై ఏళ్లకే నడుం వంగిపోయి కర్ర పట్టింది. మా నాన్న పొలం అమ్మి మమ్మల్ని పట్నం తెచ్చింది చదువు కోసం అని చెబుతాడు. అసలు కారణం ఆ నీళ్లు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, ఊళ్లో మా ఇల్లు పడిపోయింది. నా బిడ్డ ఇక్కడే పుట్టింది, ఇక్కడే మూడో తరగతి. పంతులు గారి బడిలో తగ్గిన పిల్లల్లో నా బిడ్డలాంటి వాళ్లను కూడా లెక్కెయ్యండి.

లెక్కల_మేడం
మిల్లు అన్నా, మీ మాట ఒప్పుకుంటాను. రెండూ కలిసే జరిగాయి. పైగా ఊరు వదిలేది పిల్లల్ని కనే వయసువాళ్లే కదా. వాళ్లతో పాటు వాళ్లకు పుట్టబోయే పిల్లలు కూడా పట్నం లెక్కలోకి వెళ్లిపోతారు.

అచ్చంపేట_అరుణ
‘చదువు వచ్చింది, సేద్యం పోయింది’ అన్న సాగర్ అన్నకు నా మాట కొంచెం చెప్పాలి.

మేం అయిదుగురు అక్కచెల్లెళ్లం. నేను మూడో దాన్ని. మగపిల్లాడి కోసం మా అమ్మ అయిదు కాన్పులు మోసింది. పెద్దక్కలిద్దరూ బడి మొహం చూడలేదు, పదిహేనేళ్లకే పెళ్లిళ్లు అయ్యాయి. 2006లో మా మండలంలో ఆడపిల్లలకు కస్తూర్బా బడి తెరిచారు. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ అక్కడే అని తెలిసి అమ్మ నన్ను తీసుకెళ్లింది. రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్లు నడిచింది. ఫారం మీద వేలిముద్ర వేసి, ఆ నీలిరంగు పోవాలని చీర కొంగుకు వేలు రుద్దుతూనే ఉంది. ఇంటికి పోయేదాకా రుద్దిందట. తర్వాత మా నాన్నకు చెప్పిందట, ‘నా వేలికి అయిన మరక నా బిడ్డ వేలికి కావొద్దు’ అని.

నేను నర్సింగ్ చేశాను. ఇరవై ఆరేళ్లకు పెళ్లి. ఒక్క పాప, ఇంకొకరు వద్దనుకున్నాం. అమ్మకు అయిదుగురు, నాకు ఒక్కతే. ఈ మధ్యలో జరిగింది ఆ రేకు పెట్టె ఒక్కటే. నేను నాటుకు రాలేదని మీకు బాధ ఉంటే ఉండనీయండి అన్నా, మా అమ్మ నడుం నొప్పికి ఎవరూ బాధపడలేదు.

సాగర్_ఆయకట్టు
చెల్లె, తప్పుగా అనుకోకు. నా బిడ్డ కూడా ఖమ్మంలో ఎంసీఏ చదివింది. నేనే చదివించాను. నా బాధ వేరు. నా తర్వాత ఈ ఆరెకరాలు ఎవరు చేస్తారు?

అచ్చంపేట_అరుణ
అర్థమైంది అన్నా. కోపంతో రాయలేదు.

కోస్గి_మేస్త్రీ_కొడుకు
మా నాన్న గుంపు మేస్త్రీ. ‘పాలమూరు లేబర్’ అనే మాట విన్నారు కదా, ఆ లేబర్‌ను తీసుకుపోయేవాడు. ఎండాకాలంలో ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మొగుడు, పెళ్లాం, పిల్లలు అందరూ పనిలోనే. సాగర్, శ్రీశైలం మొదలుకొని దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసిన వాళ్లలో మావాళ్లు ఉన్నారు. అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో చేతులు ఎన్ని ఎక్కువుంటే అంత మేలు. పదేళ్ల పిల్లాడు కూడా తట్ట అందించేవాడు. అట్లాంటప్పుడు ఒకరిద్దరు చాలని ఎవరనుకుంటారు? బడికి ఎవరు పంపుతారు?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఉన్నది మా మహబూబ్‌నగర్‌లోనే, 55 శాతం. ఆడవాళ్లలో నూటికి 45 మంది కూడా లేరు. జనం ఎక్కువ పెరిగిందీ, చదువు తక్కువున్నదీ ఒకే చోట ఎందుకో మేడం గారికి ఇప్పుడు తెలిసే ఉంటుంది. పేదరికం ఒక చేత్తో పిల్లల్ని కనమంటుంది, ఇంకో చేత్తో బడి మాన్పిస్తుంది.

మా నాన్న ఇప్పుడు ఆ పని మానేశాడు. తను తీసుకుపోయిన పిల్లల పేర్లు ఒక్కోసారి రాత్రి కూర్చుని చెప్తాడు.

లెక్కల_మేడం
మేస్త్రీ తమ్ముడూ, నా అంకెల కంటే మీ పేరా ఎక్కువ చెప్పింది.

గద్వాల_సీడ్
ఇదే మాట మా పత్తి చేను నుంచి చెప్తాను. గద్వాల వైపు సీడ్ పత్తి ఉంటుంది. సాయంత్రం మొగ్గ పొర చిదమకుండా వలవాలి, పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. రెండు మూడు నెలలు, రోజూ ఇదే. చిన్న వేళ్లయితే మొగ్గ పాడవదు, మొక్కలు కూడా నడుంకెత్తే ఉంటాయి కాబట్టి పిల్లలు వంగకుండా చేస్తారు అని అందరూ అనేవాళ్లు. నేను ఆరు, ఏడు తరగతుల్లో రెండేళ్లు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా బడికి పోలేదు. వేళ్లకు జిగురు పట్టి అన్నం చేదుగా ఉండేది, అది ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు నాకే రెండెకరాల సీడ్ ఉంది. పిల్లల్ని పెట్టను. పెద్దవాళ్లకు కూలి ఎక్కువ పెట్టాల్సి వస్తోంది, మిగిలేది తగ్గింది. కానీ ఒకటి గమనించాను. పిల్లలు చేనులో లేనప్పుడే వాళ్ల అమ్మలకు కూలి పెరిగింది. ఇదివరకు పిల్లలే తక్కువకు దొరుకుతుంటే పెద్దవాళ్లు ఎక్కువ అడగలేకపోయేవాళ్లు. పిల్లాడు బడికి పోవడం వల్ల ఇంటికి నష్టం అనుకునేవాళ్లం. పది ఇళ్ల పిల్లలు ఒక్కసారే పోతే నష్టం కాదు.

మూసీ_గట్టు
ఈ చివరి పేరా మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను, ఏమనుకోకు అన్నా.

గద్వాల_సీడ్
పెట్టు తమ్మీ. పేరు ఒక్కటి పెట్టకు.

అశోక్‌నగర్_గది
ఇంట్లో ఉన్న డిగ్రీ పిల్లల గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఆ పిల్లల్లో నేనొకడిని. మాది నకిరేకల్ దగ్గర ఊరు, ఇప్పుడు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గదికి నలుగురం. 2023 జూలైలో రాసిన గ్రూప్–4 సర్కారు ఉద్యోగాల పరీక్షకు పోస్టులు 8,180. దరఖాస్తులు తొమ్మిదిన్నర లక్షలు. అంటే ఒక్కో కుర్చీకి నూట పదహారు మంది. రాకపోతే చదవలేదు అంటారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో వచ్చింది. దానివల్లే నేను బీటెక్ చదివాను, లేకపోతే మా నాన్న ఆటో మీద ఇంజనీరింగ్ అనే మాటే లేదు. దాన్ని తప్పుపట్టను. కానీ మా కాలేజీలో ల్యాబ్‌లో మిషన్ ఆన్ చేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా బ్యాచ్ అయిపోయాక కాలేజీయే మూతపడింది. సర్టిఫికెట్ ఉంది, పని రాదు. కంపెనీకి పోతే అనుభవం అడుగుతారు. పొలానికి పోతే ‘ఇందుకేనా బీటెక్’ అంటారు. బద్ధకం అనకండి దయచేసి.

వనస్థలిపురం_వలస
తమ్ముడూ, పెళ్లి సంబంధాల సంగతి?

అశోక్‌నగర్_గది
అది ఇంకో టెన్షన్. ఉద్యోగం లేదంటే రెండో ప్రశ్న ఉండదు. మా ఊళ్లో ముప్పై దాటిన అబ్బాయిలు పద్నాలుగు మంది ఉన్నారు.

చౌటుప్పల్_చారి
మా ఊళ్లో కూడా. పెళ్లిళ్ల పేరయ్య రైతు అనగానే ఫోన్ పెట్టేస్తున్నాడు. ఎకరాలు ఎన్నున్నా సరే.

పాలమూరు_లెక్చరర్
అబ్బాయిల సంగతి చెప్పారు కాబట్టి అమ్మాయిల సంగతి చెప్తాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ కాలేజీలో చెప్తాను. నేను చేరినప్పుడు తరగతిలో అమ్మాయిలు ఒక వరుస. ఇప్పుడు మూడొంతులు వాళ్లే. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాక పీజీకి హైదరాబాద్ పోనక్కర లేకుండా పోయింది. 2023 డిసెంబర్ 9న బస్సులో ఆడవాళ్లకు టికెట్ తీసేశాక మక్తల్, దేవరకద్ర నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలు పెరిగారు. ఒకమ్మాయి నాతో అంది: ‘మేడం, మా నాన్నకు ఫీజు బరువు కాదు, రోజూ చార్జీలకు చెయ్యి చాపడం నాకు బరువు’.

కానీ మూడో ఏడాదిలో శుభలేఖలు మొదలవుతాయి. 2019–21 సర్వేలో కూడా మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లి అయినవాళ్లు. కాలేజీ దాకా వచ్చినవాళ్లకు ఆ గండం తప్పుతుంది, డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం మాత్రం దొరకదు. కాన్పులు తగ్గాయి, చదువు పెరిగింది, చేతిలో సమయం ఉంది. అయినా జీతం తెచ్చే పని చేతికి రాలేదు. దేశాలు బాగుపడేది పనిచేసే వయసువాళ్లు ఎక్కువ, ఇంట్లో చూసుకోవాల్సిన పిల్లలూ ముసలివాళ్లూ తక్కువ ఉన్న కొన్ని పదుల ఏళ్లలోనే అంటారు ఆర్థికవేత్తలు. మనం ఇప్పుడు ఆ ఏళ్లలోనే ఉన్నాం. నా క్లాసులో కూర్చున్న పిల్లల సగం శక్తిని ఇంట్లో కూర్చోబెట్టి ఆ ఏళ్లు గడిపేస్తున్నాం. నాకు నిద్రపట్టనిది దీని గురించే.

జడ్చర్ల_షిఫ్టు
మేడం, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలో, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు పని ఉంది. నేను చేస్తున్నాను. కానీ ఎక్కువ మంది కాంట్రాక్టు కింద, చేతికి పదిహేను వేలు. రాత్రి షిఫ్టు బస్సు లేక మా ఊరి అమ్మాయిలు ముగ్గురు చేరి మానేశారు. హాస్టల్ ఒకటి కట్టి, బస్సు ఒకటి వేస్తే ఆ ముగ్గురూ ఇప్పటికీ ఉండేవాళ్లు. పెద్ద పథకం అక్కర్లేదు.

పోచంపల్లి_మగ్గం
మా ఇంట్లో నాలుగు మగ్గాలుండేవి, ఇప్పుడు ఒకటి. రంగు అద్దే ముందు నూలుకు చిటికి కట్టడం నా కొడుక్కి నేర్పలేదు. నేర్పకపోవడం మంచిదో కాదో ఇంకా తేల్చుకోలేదు.

కోదాడ_రిటైర్డ్
అందరూ పిల్లల గురించే రాస్తున్నారు, ఇంకో చివర కూడా చూడండి. మా వీధిలో ఎనిమిది ఇళ్లు. ఆరింట్లో ఇద్దరేసి ముసలివాళ్లమే. పిల్లలు డల్లాస్‌లో, బెంగళూరులో. డబ్బు పంపుతారు, లోటు లేదు. పోయిన నెల ఎదురింటాయన బాత్రూంలో జారిపడ్డాడు. లేపడానికి వీధి మొత్తంలో బలమున్న మనిషి దొరకలేదు. పాలుపోసే అబ్బాయి వచ్చేదాకా మేమంతా దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాం.

మాకంటే కష్టం, ఆసరా పెన్షన్ 2,016 మీద ఒంటరిగా బతికే వాళ్లది. వాళ్ల పిల్లలూ వలసలోనే ఉన్నారు, డాలర్లు లేవు, అంతే తేడా.

మూసీ_గట్టు
జనాభా తగ్గించినందుకు మనకే శిక్ష. పార్లమెంటు సీట్లు తగ్గిస్తారంట. ఎక్కువ కన్నవాళ్లకే ఎక్కువ సీట్లు.

లెక్కల_మేడం
భయంలో న్యాయం ఉంది, కానీ మొత్తం చూడాలి. రాష్ట్రాల మధ్య సీట్ల వాటా 1971 లెక్కల దగ్గరే ఆపి ఉంచింది ఇందుకే. 2026 తర్వాతి జనాభా లెక్కలతో ఆ గడువు తీరుతుంది. కేంద్ర పన్నులను రాష్ట్రాలకు పంచే లెక్కలో 15వ ఆర్థిక సంఘం (2021–26) 2011 జనాభాకు 15 శాతం బరువు ఇచ్చినా, కాన్పులు తగ్గించుకున్న రాష్ట్రాల కోసం విడిగా 12.5 శాతం పెట్టింది.

మూసీ_గట్టు
అయితే మళ్లీ ముగ్గురేసి కనమనే నాయకులది తప్పేనా?

అచ్చంపేట_అరుణ
కనమనే వాళ్లు కాన్పు వార్డులో ఒక రాత్రి డ్యూటీ చెయ్యాలి. తర్వాత మాట్లాడదాం.

నిర్వాహకుడు
సీట్ల గురించి ఇక్కడితో ఆపుదాం, వేరే చర్చ తెరవండి. పంతులు గారి ప్రశ్న దగ్గరికి రండి.

కోస్గి_మేస్త్రీ_కొడుకు
బీహార్ ముఠా గురించి ఒక మాట. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు వచ్చాక మా దగ్గర కూడా వరి పెరిగింది. బొంబాయి నుంచి కొందరు వెనక్కి వచ్చారు. ఇప్పుడు మా ఊరి నాట్లకు రాయచూరు వైపు నుంచి, బీహార్ నుంచి వస్తున్నారు. మొన్న ఒక ముఠా పెద్ద మా నాన్నతో మాట్లాడుతుంటే విన్నాను. అడ్వాన్సు, కమీషన్, ఎవరు పారిపోయారు, ఎవరికి జ్వరం. భాష హిందీ, మాటలన్నీ మా నాన్నవే. ఆయన వాళ్లకు మా బావి కాడ గదిలో పడుకోమని చెప్పి, కరెంటు మోటారు స్విచ్ చూపించి వచ్చాడు. మనం ఖాళీ చేసిన చోటికి వాళ్లు వచ్చారు.

మిర్యాలగూడ_మిల్లు
మిల్లుల్లో కూడా అంతే. హమాలీ పని మొత్తం బీహార్ వాళ్లదే అయిపోయింది. ఇదివరకు ఒంటరి మగవాళ్లే వచ్చేవాళ్లు, ఇప్పుడిప్పుడే కొందరు కుటుంబాలను తెస్తున్నారు. ఊక కుప్పల పక్కన ఆడుకుంటుంటారు పిల్లలు. ఏడెనిమిదేళ్లు ఉంటాయి. నేను రోజూ చూస్తాను. వీళ్లు ఏ బడికి పోతున్నారని ఈ చర్చ చదివేదాకా నాకు తోచలేదు, నిజం చెప్తున్నాను.

నారాయణపేట_నర్సి
ఏ బడికీ పోరు అన్నా.

దేవరకొండ_పంతులు
మిల్లు గారూ, మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఇటుక బట్టీ ఉంది. ఒడిశా కుటుంబాలు. రోజూ బండి మీద దాని ముందు నుంచే బడికి వెళ్తాను. బడిబాట జూన్‌లో చేస్తాం, వాళ్లు దిగేది డిసెంబర్‌లో. అందుకే నా 31 మందిలో వాళ్ల పిల్లలు లేరు. చేర్చుకోవాలంటే టీసీ, ఆధార్ లేకుండా ఎలా అనేది ఒక ప్రశ్న.

పాలమూరు_లెక్చరర్
విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది కదా సార్. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి, ఏడాది మధ్యలో వచ్చినా సరే. భువనగిరి వైపు బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో బడి నడిపిన అనుభవం కూడా మనకు ఉంది. మండల విద్యాధికారికి ఒక కాగితం రాసి, ముందు పిల్లల్ని కూర్చోబెట్టండి.

సాగర్_ఆయకట్టు
మన బడి మూయకుండా ఉండడానికి వాళ్ల పిల్లలా?

దేవరకొండ_పంతులు
అందుకు కూడా అనుకోండి అన్నా, నేను దాచను. బడి ఉంటేనే ఆ ఒకటో తరగతి అమ్మాయికి కూడా బడి ఉంటుంది.

దేవరకొండ_పంతులు
ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆదివారం బట్టీకి వెళ్లాను. యజమాని అడ్డు చెప్పలేదు. బడి ఈడు పిల్లలు ఎనిమిది మంది. అందరూ ఆరిన ఇటుకలు తిప్పి పెడుతున్నారు, రెండో వైపు ఎండడానికి. ఒక ఏడేళ్ల పిల్ల తమ్ముడిని చంకన వేసుకునే ఆ పని చేస్తోంది. తల్లికి నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. హిందీ ముక్కలతో నెట్టుకొచ్చాం. పిల్ల బడికి వస్తే చంటివాడిని ఎవరు చూస్తారని ఆమె అడిగింది. అంగన్‌వాడీ మా బడి ఆవరణలోనే ఉంది. టీచరమ్మతో మాట్లాడాను, ఒప్పుకుంది.

సోమవారం నలుగురు వచ్చారు. మంగళవారం ముగ్గురే. పెద్దవాడిని పనిలోకి లాగారు, మళ్లీ వెళ్లి అడగాలి. మేలో బట్టీ ఆగగానే వీళ్లంతా వెళ్లిపోతారని తెలుసు. ఆ ఏడేళ్ల పిల్ల రెండో తరగతి వయసుదే. ఒకటో తరగతి అమ్మాయి మాత్రం తన పక్కనే కూర్చోవాలని చెయ్యి పట్టుకుని లాగింది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వలిచి ఆ పిల్లకు సగం పెట్టింది.

పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియడం లేదు. బొమ్మలు చూపిస్తున్నాను. నవ్వుతుంది, నోరు విప్పదు.

నారాయణపేట_నర్సి
సార్, నేను రెండేళ్లు పుణెలో మరాఠీ బడిలో కూర్చున్నాను. అమ్మానాన్న బిల్డింగ్ పనిలో ఉండేవాళ్లు. మూడు నెలలు నేనూ నోరు విప్పలేదు. అక్కడి టీచర్ నన్ను పాఠం అడగలేదు. రోజూ సుద్దముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వెయ్యమనేది. నేను తెలుగులో లెక్కపెట్టేవాణ్ని, ఆమె పక్కన నిలబడి మరాఠీలో అనేది. అట్లా నలభై దాకా వచ్చాక ఒకరోజు నాకు తెలియకుండానే మరాఠీలో అన్నాను. ఆ టీచర్ పేరు కూడా నాకు గుర్తులేదు. లెక్కపెట్టించండి సార్, బొమ్మలు తర్వాత.

మిర్యాలగూడ_మిల్లు
మా మిల్లులో ఒడిశా డ్రైవర్ ఉన్నాడు. ఒకటి నుంచి యాభై దాకా ఒడియాలో చెప్పించి రికార్డు చేసి పంపుతున్నాను, విని పలకండి. మా దగ్గర బడి ఈడు పిల్లలు ఎంతమందో కూడా రేపు లెక్క తీస్తాను.

దేవరకొండ_పంతులు
అందింది అన్నా. ఏక, దుయి, తిని. సుద్దముక్కల డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ఒడియా మొదటి తరగతి వాచకం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, బడి చిరునామా మెసేజ్‌లో పంపుతాను. ముగ్గురు పిల్లలకు మూడు చాలు.